పెట్టెకి సరిపోయిన బండి

రాళ్ళాయనకి అసలు పేరొకటి ఉంది గానీ, అది జీతాల రిజిస్టరులో తప్ప ఇంకెక్కడా పనికి రాలేదు. బజారులో ఏ కొట్టుకి వెళ్ళినా "రాళ్ళాయన వచ్చాడు, కాటా ఖాళీ చెయ్యండి" అనేవాళ్ళు. తూకపు రాళ్ళు ఇనుపవీ ఇత్తడివీ అయి ఎన్ని తరాలయినా జనం వాటిని రాళ్ళనే అంటారు గనక, ఆ రాళ్ళ పెట్టెని భుజాన వేసుకుని తిరిగే మనిషి రాళ్ళాయన అయ్యాడు. నలభై తొమ్మిదేళ్ళ వయసు, పొట్టి మనిషి, ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ళు కిందకి ఉంటుంది. చొక్కా కుట్టించుకోవడానికి వెళితే దర్జీ కొలత రెండోసారి తీసేవాడు, మొదటిసారి తనే తప్పు తీశానేమో అని.

ఆయన పని కాటాలు సరిచూడడం. కొట్లలోనూ గోదాముల్లోనూ ఉండే కాటాలు వాడగా వాడగా దారి తప్పుతాయి. రాళ్ళాయన వెళ్ళి, తన పెట్టెలోని కచ్చితమైన రాయిని పళ్ళెం నడుమన ఒకసారి, నాలుగు మూలల్లో నాలుగుసార్లు పెట్టి చూస్తాడు. అయిదుసార్లూ ఒకే అంకె వస్తే సరే. రాకపోతే కాటాని విప్పి, సరిచేసి, సీసపు ముద్ర వేసి వస్తాడు. ఇరవై రెండేళ్ళుగా ఇదే చాకిరీ. ఊళ్ళో ఎవరు ఎంత తూచి అమ్మినా అందులో ఆయన మాట ఉంటుంది, ఆ సంగతి ఎవరికీ పట్టదు.

ఇక ఆ పెట్టె గురించి చెప్పకపోతే ఈ కథ నడవదు. చెక్క పెట్టె, లోపల మెత్తటి బనాతు గుడ్డ పరిచిన గుంటలు, ఒక్కో గుంటలో ఒక్కో రాయి. పది కిలోలది ఒకటి, అయిదు కిలోలది ఒకటి, రెండేసి కిలోలవి రెండు, కిలోది ఒకటి, ఆపైన చిన్నా చితకా. పెట్టెతో కలిపి పాతిక కిలోలు. రాళ్ళని వట్టి చేత్తో ముట్టుకోకూడదు, చెమట తగిలితే తుప్పు పడుతుంది. కింద పడెయ్యకూడదు, అంచు చిట్లితే తూకం పోతుంది. పని నేర్పిన, ఏజెన్సీ నడిపే పెద్ద ఓనరు ఒక మాట అనేవాడు, పడ్డ రాయి అబద్ధాలకోరు అని. ఆ మాట రాళ్ళాయన బుర్రలో మేకులా దిగిపోయింది. బస్సులో సీటు దొరికితే పెట్టెని కూర్చోబెట్టి తను నిలబడేవాడు. వానొస్తే గొడుగు పెట్టె మీద పట్టేవాడు. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య ఇది చూసి, నాకు సవతి ఉందని పెళ్ళిచూపుల్లో ఎవరూ చెప్పలేదేం అని నవ్వేది. తర్వాత తర్వాత నవ్వడం మానేసింది.

ఇలా ఉండగా పెద్ద ఓనరు పోయాడు, కొడుకు చిన్న ఓనరు కుర్చీలోకి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. లెక్క మనిషి. ఒకరోజు రాళ్ళాయనని పిలిచి కూర్చోమని, బస్సుల్లో తిరిగితే రోజుకి నాలుగు కొట్లే అవుతున్నాయనీ, ఎనిమిది అయితే తప్ప ఏజెన్సీ గట్టెక్కదనీ చెప్పాడు. వచ్చే నెల ఒకటో తారీకు నుంచి సొంత బండి ఉన్నవాళ్ళకే ఫీల్డు పని. బండి లేనివాళ్ళకి ఆఫీసులో వేరే పని ఏమీ లేదు. ఇదంతా ఎంతో మర్యాదగా చెప్పాడు. మర్యాదగా చెప్పిన మాటకి ఎదురు చెప్పడం కష్టం, రాళ్ళాయన అలాగే సార్ అని లేచి వచ్చేశాడు.

ఆయన జన్మలో బండి హ్యాండిల్ పట్టుకోలేదు. అంతకంటే ముఖ్యం, ఆయన అలసిపోయి ఉన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గుమ్మం దగ్గరే కాసేపు కూర్చుంటే గానీ లోపలికి నడవలేని అలసట అది. మోకాళ్ళు మెట్లెక్కేటప్పుడు కటకటమనేవి. అసలే గోరుచుట్టు, ఆపైన రోకటిపోటు అన్నట్టు, ఆ వయసులో కుర్రకారు నడుమ కూర్చుని లెర్నర్స్ లైసెన్సు పరీక్ష రాయాల్సి వచ్చింది. పరీక్ష పెట్టిన గుమాస్తా, అబ్బాయికి తోడు వచ్చారా అని అడిగాడు.

భార్య స్కూలు యూనిఫారాలు కుట్టే చోట కాలర్లు కుడుతుంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాలర్లే, చొక్కాలో మిగతా భాగాల జోలికి పోదు. ఆవిడ దాచిందీ ఈయన దాచిందీ కలిపితే నలభై వేలు తేలింది. అంతే, పైన ఇంకో కాణీ లేదు. కొత్త బండి మాట ఎత్తే పనే లేదు.

సలహాకి బావమరిది దొరికాడు. కొరియర్ పంచే పని అతనిది, ఆరేళ్ళలో నాలుగు బళ్ళు మార్చాడు, అయిదో దాని మీద కన్నేసి ఉన్నాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత రకం. కానీ మనసు మంచిది. మూడు సాయంత్రాలు వచ్చి కూర్చుని మైలేజీ, క్లచ్చు, టైర్ల అరుగుదల, బండి మారిన చేతులు, పొగ రంగు, అన్నీ వివరించాడు. కొత్తగా నేర్చుకునేవాడికి తేలిక బండి కావాలని, సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలని, మిగతాదంతా తర్వాత సంగతని మాత్రం మూడు రోజులూ చెప్పాడు. రాళ్ళాయన మూడు రోజులూ తల ఊపాడు. తల ఊపడం ఆయనకి బాగా అలవాటు.

ఆదివారం పొద్దున్న పాత బళ్ళు అమ్మే షెడ్డుకి బయలుదేరారు. గుమ్మంలోకి వచ్చేసరికి రాళ్ళాయన భుజాన పెట్టె ఉంది.

"ఇవాళ కూడానా బావా? సెలవు రోజు కదా."

"బండి ఎక్కాల్సింది ఇది కూడా కదా. చూసుకోవద్దూ?"

బావమరిది అక్క వంక చూశాడు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టండి అన్నాడట వెనకటికొకడు. ఆవిడ చెప్పులు వేసుకుంది.

షెడ్డు అంటే రేకుల కప్పు కింద నలభై యాభై బళ్ళు, భుజాలు రాసుకుంటూ నిలబడ్డ బళ్ళు. నేలంతా నూనె మరకలు. ఒక మూల బల్ల, బల్ల మీద తాళాల గుత్తులు, బల్ల వెనక షెడ్డాయన. లావుపాటి మనిషి, ఓపిక గలవాడు. వచ్చినవాళ్ళ చెప్పులు చూసి వాళ్ళ దగ్గర ఎంత ఉందో చెప్పగలడని పేరు. నలభై లోపు అనగానే తల అడ్డంగా కాక నిలువుగా ఊపి, మూడు బళ్ళు బయటికి తీయించాడు.

మొదటిది చిన్న ఇంజనుది, ఎర్ర బండి. పెయింటు అక్కడక్కడా లేచిపోయింది గానీ శబ్దం శుభ్రంగా ఉంది. ఒక బడి పంతులమ్మ ఆరేళ్ళు నడిపి అమ్మిందట. బావమరిది ఇంజను మీద చెయ్యి పెట్టి చూశాడు, వంగి చైను చూశాడు, పొగ చూశాడు. ఇదే అన్నాడు. రాళ్ళాయనని ఎక్కి కూర్చోమన్నాడు. కూర్చుంటే రెండు పాదాలూ నేల మీద పరుచుకున్నాయి. ముప్ఫై నాలుగు వేలు. అక్కడితో బేరం ముగిసిపోవాల్సింది.

కానీ రాళ్ళాయన దిగి, పెట్టెని వెనక సీటుకి కట్టించి, తాడు మూడుసార్లు లాగి చూసుకుని, షెడ్డాయనని ఒక చుట్టు నడిపి చూపించమన్నాడు. షెడ్డు ముందు రోడ్డు గుంతల మయం. బండి పోయి వచ్చే లోపల రాళ్ళాయన పక్కనే పరిగెత్తాడు. ఆ మోకాళ్ళతో, ఆ వయసులో, చెవి పెట్టె వైపు పెట్టి. లోపల రాళ్ళు గుంటల్లో కదిలి టకటకమన్నాయి. తిరిగి వచ్చాక ఆయన ముఖం వాడిపోయింది.

"ఇది లాభం లేదు," అన్నాడు ఆయాసపడుతూ.

రెండో బండికి వెనక సీటు ఏటవాలుగా పైకి లేచి ఉంది, పెట్టె కట్టడానికే చోటు లేదు. మూడోది ఎత్తైన బండి, బరువైనది, గ్యాసు సిలిండర్లు మోసినది. పొడుగు సీటు, వెనక ఇనుప క్యారియరు, జంట స్ప్రింగులు. దాని మీద పెట్టెని కడితే దాని కోసమే చేసినట్టు కూర్చుంది. షెడ్డాయన అదే గుంతల రోడ్డు మీద నడిపాడు. రాళ్ళాయన మళ్ళీ పక్కన పరిగెత్తాడు. పెట్టెలోంచి చప్పుడు లేదు. ఇరవై రెండేళ్ళలో ఏ బస్సులోనూ పెట్టె అంత నిశ్శబ్దంగా ప్రయాణం చేయలేదు. ఆయన కళ్ళు మెరిశాయని తర్వాత ఆయన భార్య చెప్పింది, తనని చూసి అలా మెరిసి చాలా కాలమయిందని కూడా చెప్పింది.

ఎక్కి కూర్చుంటే కాలి మునివేళ్ళు మాత్రం నేలకి తగిలాయి. అదీ ఒక పక్కకి ఒరిగితేనే.

"బావా, నీకు కాళ్ళు అందడం లేదు."

"కాళ్ళతో పని ఆగినప్పుడే కదరా. నడిపేటప్పుడు వాటితో ఏం పని?"

ఈ తర్కానికి జవాబు చెప్పగల మొనగాడు ఇంకా పుట్టలేదు. షెడ్డాయన కూడా, అమ్ముకునే మనిషై ఉండి, ఎర్రదే మీకు నప్పుతుంది ఆలోచించుకోండి అన్నాడు. రాళ్ళాయన భార్య ఒక్కసారి ఆయన చెయ్యి పట్టుకుని, ఎర్రది తీసుకోండి అంది. ఆయన వినలేదు. ముప్ఫై తొమ్మిది వేల అయిదు వందలకి ఎత్తు బండి ఇంటికొచ్చింది, దాన్ని బావమరిది నడుపుకొచ్చాడు.

పది రోజులు, పనికి వెళ్ళే ముందు, మూతపడ్డ గోదాము వెనక ఖాళీ జాగాలో నేర్చుకున్నాడు. బావమరిది వెనకాల పరిగెత్తేవాడు. బండి దూకి ఆగిపోయేది, మళ్ళీ కిక్కు కొట్టాలి, కొట్టడానికి కాలు చాలదు, దిగి నిలబడి కొట్టాలి. నాలుగో రోజుకి క్లచ్చు అర్థమైంది. ఏడో రోజుకి గుండ్రంగా తిరగగలిగాడు. ఆగాల్సి వచ్చినప్పుడు గోదాము అరుగు పక్కన ఆపి, అరుగు మీద కాలు పెట్టేవాడు. ఊరంతా అరుగులు ఉండవు కదా బావా అని ఆ అబ్బాయి అంటే, ఉన్నచోట ఆగుతానులే అన్నాడు. అప్పటికే పగలంతా బస్సులు, పొద్దున్నే ఈ కుస్తీ. రాత్రి అన్నం ముందు కూర్చుని కునికిపాట్లు పడేవాడు. ఒకటో తారీకు రానే వచ్చింది.

పెట్టెని క్యారియరుకి కట్టాడు. తాడు మూడుసార్లు లాగాడు. భార్య గుమ్మంలో నిలబడి జాగ్రత్త అంది. చప్పుడు చేయదులే, గట్టిగా కట్టాను అన్నాడు. ఆవిడ అడిగింది అది కాదు.

మొదటి కొట్టు అయింది, రెండోది అయింది, మూడోది అయింది. మూడో కొట్టువాడు బండి చూసి, రాళ్ళాయనకి రెక్కలొచ్చాయే అన్నాడు. ఆయనకి సంతోషం కలిగింది. పది గంటలకే మూడు కొట్లు. ఈ లెక్కన ఎనిమిది కాదు, తొమ్మిది చేయవచ్చు. నాలుగో కొట్టుకి వెళ్ళే దారిలో నాలుగు రోడ్ల కూడలి ఉంది. అక్కడ రోడ్డు ఎడమ వైపుకి వాలి ఉంటుంది. ఎర్ర దీపం పడింది. ఆపి ఎడమ కాలు దించాడు. నేల ఉండాల్సిన చోట లేదు. జానెడు కింద ఉంది.

బండి నెమ్మదిగానే ఒరిగింది. దూకడానికి వీలుంది, అందరూ చూశారు, వెనక ఆటోవాడు దూకెయ్ దూకెయ్ అని అరిచాడు కూడా. కానీ బండి పడితే పెట్టె మూల నేలకి కొట్టుకుంటుంది. రాళ్ళాయన కాలు లాక్కునే బదులు ఇంకా వెనక్కి చాచి, దాన్నే పెట్టె కిందకి తోశాడు. పాతిక కిలోల పెట్టె, దాని పైన అంత బండి, ఆయన చీలమండ మీద దిగాయి.

నలుగురు వచ్చి బండి ఎత్తబోతే, ముందు పెట్టె విప్పండి, పట్టుకుని విప్పండి అన్నాడు. విప్పాకే బండి ఎత్తనిచ్చాడు. బావమరిది కొరియర్ సంచీ తోటే ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి, రాళ్ళాయన బల్ల మీద పడుకుని, కాలు గుమ్మడికాయలా వాచిపోయి, నొప్పితో పెదాలు నల్లబడి ఉన్నాడు. నర్సు ఏదో అడుగుతుంటే వినడం లేదు.

"ఒరేయ్, పెట్టె తెరిచి చూడు. గుడ్డతో పట్టుకో. పది కిలోలది ముందు చూడు."

ఆ అబ్బాయి ఆసుపత్రి నేల మీద కూర్చుని, చేతిరుమాలుతో ఒక్కో రాయీ తీసి చూసి, అన్నీ బాగానే ఉన్నాయి బావా అన్నాడు. అప్పుడు గానీ రాళ్ళాయన కళ్ళు మూసుకోలేదు. చీలమండ రెండు చోట్ల విరిగింది.

మూడో రోజు చిన్న ఓనరు ఇంటికి వచ్చాడు. వట్టి చేతులతో రాలేదు, సంచీలో చిన్న కాటా ఒకటి తెచ్చాడు, ఆఫీసులో ఉండే మేలురకం కాటా. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని, బల్ల మీద కాటా పెట్టి, పెట్టె దగ్గరికి లాక్కుని, చేతులకి గుడ్డ తొడుగులు వేసుకుని, ఒక్కో రాయీ తూచడం మొదలుపెట్టాడు. పది కిలోలది ఆ కాటా మోయదు గనక దాన్ని వెలుతురులో తిప్పి తిప్పి అంచులు చూశాడు. అరగంట పట్టింది. రాళ్ళాయన మంచం మీద నుంచి తల ఎత్తి ప్రతి అంకెనీ చూస్తున్నాడు. ఆయన భార్య టీ గ్లాసు పట్టుకుని నిలబడింది, అది చల్లారిపోయింది, మళ్ళీ వేడి చేసి తెచ్చింది.

"ఒక్క గ్రాము తేడా లేదు," అన్నాడు చిన్న ఓనరు, నిజంగానే మెచ్చుకుంటూ. "మీలాంటి మనిషి దొరకడు. నాన్న ఊరికే అనేవారు కాదు."

ఆ తర్వాత, పని ఆగకూడదు గనక పెట్టెని తీసుకెళుతున్నాననీ, బండి ఉన్న మనిషిని ఒకణ్ణి పెట్టుకున్నాననీ, కాలు బాగయ్యాక వచ్చి కనిపించమనీ చెప్పాడు. పెట్టె తీసుకుని తన బండి మీద రాళ్ళాయన కంటే జాగ్రత్తగా కట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇంట్లో పెట్టె ఉండే మూల నాలుగు పలకల ఖాళీ మిగిలింది. రాళ్ళాయన ఇరవై రెండేళ్ళు మోశాడు, కాలు విరగ్గొట్టుకున్నాడు, వచ్చిన మనిషి అరగంట కూర్చుని మంచం వైపు సరిగా చూడనైనా లేదు. అవమానంగా అనిపించింది. ఏడుపు కూడా వచ్చింది, ఆపుకున్నాడు.

"కాలు ఎలా ఉందని ఒక్కమాట అడగలేదు చూశారా," అంది ఆయన భార్య గ్లాసు తీస్తూ. ఆవిడ గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది.

ఆయన కట్టు వేసిన కాలి వైపు చూశాడు. ఆసుపత్రి బల్ల గుర్తొచ్చింది. చేతిరుమాలు గుర్తొచ్చింది.

"నేను మాత్రం అడిగానా?" అన్నాడు.

ఆవిడ గ్లాసు కింద పెట్టింది. వచ్చి మంచం మీద ఆయన పక్కన కూర్చుంది.

కట్టు విప్పడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆవిడ కాలర్ల మీదే ఇల్లు నడిచింది. చివరి వారంలో రాళ్ళాయన చిన్న ఓనరుకి ఫోను చేశాడు. జీవితంలో మొదటిసారి, తనకేం కావాలో తను చెప్పాడు. బండి మారుస్తాననీ, మార్చే బండి చిన్నదనీ, పాతిక కిలోల పెట్టె దాని మీద రాదనీ, చిన్న రాళ్ళతో వేరే పెట్టె చేయించి ఇస్తే చిన్న కొట్లు తిరుగుతాననీ, పెద్ద కాటాలు ఇంక తన వల్ల కాదనీ చెప్పాడు. కొత్తగా పెట్టిన మనిషికి పాత రకం కాటాలు విప్పడం వస్తోంది గానీ బిగించడం రావడం లేదని రాళ్ళాయనకి బజారు కబురు అప్పటికే చేరింది, అయినా ఆ మాట ఎత్తలేదు. చివరికి చిన్న ఓనరు, జీతం కొంచెం తగ్గుతుంది మరి అన్నాడు. తగ్గనివ్వండి సార్ అన్నాడు రాళ్ళాయన.

ఆదివారం మళ్ళీ షెడ్డుకి వెళ్ళారు, భార్యాభర్తలిద్దరూ. ఎత్తు బండిని బావమరిది ముందే తీసుకొచ్చి అప్పగించాడు. పడ్డ బండి గనక దానికి ముప్ఫై రెండు కట్టాడు షెడ్డాయన. ఆ ఎర్ర బండి ఎవరికో అమ్ముడుపోయింది, మంచివి ఏవీ మనకోసం కాచుకుని కూర్చోవు. దానిలాంటిదే నీలం రంగుది ఒకటి ఉంది, కొంచెం పాతది, అద్దం ఒకటి పగిలింది. షెడ్డాయన తుడిచి ముందుకి తెచ్చాడు.

రాళ్ళాయన ఎక్కి కూర్చున్నాడు. కుంటుతున్న కాలు మెల్లగా దించాడు. తర్వాత రెండోది. రెండు పాదాలూ నేల మీద బల్లపరుపుగా ఆనాయి. ఆయన అలా కూర్చుని ఉండిపోయాడు, స్టార్టు చేయమని కూడా అడగలేదు. మెయిన్ రోడ్డు మీద లారీలు పోతున్నాయి.

"ముందే చెబుతున్నానండీ," అన్నాడు షెడ్డాయన, కిందటిసారి సంగతి తెలిసినవాడు గనక. "ఇది పాత బండి. మీ రాళ్ళు మొయ్యదు."

"నన్ను మోస్తుందా?"

"మీరెంత బరువుంటారు?"

ఊళ్ళో కాటాలన్నీ రాళ్ళాయన చేతి మీదుగా పోయినవే. గోదాముల్లో మనుషులు నిలబడేటంత పెద్దవి కూడా. కానీ కాటా మీద మనిషి ఎక్కకూడదు, మనిషి బరువు పూటకో రకం, రాయి ఒక్కటే మాట మీద నిలబడుతుంది అని పెద్ద ఓనరు మొదటిరోజే చెప్పాడు. ఈయన ఎక్కలేదు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కలేదు.

"తెలియదండీ," అన్నాడు.

షెడ్డాయన నవ్వబోయి, ఆ ముఖం చూసి ఆగిపోయాడు.

"యాభై ఏడు," అంది రాళ్ళాయన భార్య. "ఆసుపత్రిలో మత్తు ఇచ్చే ముందు తూచారు. ఒంటికాలి మీద నిలబడలేకపోతే నేనే కదా పట్టుకున్నాను. మీకేం గుర్తుంటుంది, మీ ధ్యాసంతా పెట్టె మీద ఉంటే."

రాళ్ళాయన తల తిప్పి ఆవిడ వంక చూశాడు.

"యాభై ఏడు అయితే హాయిగా మోస్తుంది," అన్నాడు షెడ్డాయన. "మీ ఇద్దర్నీ మోస్తుంది."